ముందు వాళ్ళ వైపు చెప్పు

తలుపు మూసుకుంది. మూసుకున్నాక కూడా లోపల ఆ బూట్లు టకాటకామని కొంచెం దూరం నడిచి ఆగాయి, కుర్చీ కాళ్ళు నేలమీద గీరుకున్నాయి, ఆ తర్వాత అంతా గొణుగుడే. గాజు తలుపైతే ఏం లాభం, అవతల మనిషి నీడే తప్ప ముఖం కనపడని గాజు, మాట వినపడీ వినపడని గాజు, ఇలాంటి తలుపులు ఎవడు కనిపెట్టాడో గానీ వాడింట్లో వాళ్ళెవరూ ఏ గదిముందూ కాచుకు కూర్చుని ఉండరు, అనుకుంది అమ్మమ్మ, బెంచీ మీద ఓ పక్కకి ఒరిగి కుడి మోకాలు చాపుకుంటూ. ఆ బూట్లు వద్దే అంటే విన్నదా? మీ అమ్మ పాదం నీ పాదంకన్నా పెద్దది, ముందు ఎంత దూది కుక్కినా వెనక మడమ జారుతుంది, నడుస్తుంటే గుర్రబ్బండి వస్తున్నట్టుంటుంది అని పొద్దున నెత్తీ నోరూ కొట్టుకుంటే, "అంటే నువ్వనేది, బూట్లు వదులని, చప్పుడు చేస్తాయని, వాళ్ళు నా మాటకంటే ముందు నా కాళ్ళే చూస్తారని. అంతేనా అమ్మమ్మా?" అంది. అంతే అంది అమ్మమ్మ. "అయితే ఇప్పుడు నా వైపు విను. నా చెప్పులు తెగాయి." మన నోరు మనచేతే మూయించడం దానికి వెన్నతో పెట్టిన విద్య.

పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది దానికి, అందరూ కూర్చుని తేల్చి తేల్చి పెట్టిన పేరు, ఇందాక పేర్లు పిలిచే అమ్మాయి ఆ పేరే పిలిస్తే అమ్మమ్మ ఎవరినో అనుకుని అటూ ఇటూ చూసింది కూడా. ఇంట్లో మాత్రం అది ప్లీడరే. మాటలు సరిగా రాకముందే దానికి పేచీలు వచ్చాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకమైనా బాగుండును, పోనీ మొండిపిల్ల అని సరిపెట్టుకుందురు. ఇది అలా కాదే. నీ కుందేలుకు నాలుగు కాళ్ళు ఎలా ఉన్నాయో ముందు నీకంటే బాగా చెప్తుంది, నువ్వు అవునవును అని తల ఊపాక, అప్పుడు మెల్లగా ఒక కాలు విరుస్తుంది. అలాంటి పిల్ల నేను లా చదువుతాను అంటే ఎవరైనా ఏమంటారు, చదవవే తల్లీ నీకు కాక ఎవరికొస్తుంది అనాలి. అన్నారా? ఎంతొచ్చాయి అన్నారు. ఇంటి కింద కొట్టువాడు అడిగాడు, మేడమీద ఉండే నర్సమ్మ అడిగింది, పన్ను పీకించుకోడానికి పోతే పళ్ళ డాక్టరు, మనిషి నోట్లో చెయ్యి పెట్టి, మీ మనవరాలికి ఎంతొచ్చాయండీ అని అడిగాడు, జవాబు చెప్పడానికి వీల్లేని చోట చూసి మరీ అడిగాడు.

"ఎంతొచ్చాయండీ మీ అమ్మాయికి?"

ఇదిగో, ఇక్కడ కూడా. బెంచీ మీద పక్కనాయన, ఒళ్ళో ఫైలు పెట్టుకుని, చంటిపిల్లని పడుకోబెట్టినట్టు రెండు చేతులూ దానిమీద వేసుకుని కూర్చున్నాడు. అవతల ఆయన కూతురు గోళ్ళు కొరుక్కుంటోంది.

"వచ్చాయి బాబూ," అంది అమ్మమ్మ.

"సరిపడా వచ్చాయా?"

"మా మనుషులకి సరిపడా వచ్చాయి."

"మా అమ్మాయికి ఎక్కడైనా వస్తుందండీ," అన్నాడు ఫైలు మీద మెల్లగా తడుతూ. "ఎందుకైనా మంచిదని ఇక్కడ కూడా వేశాం."

ఎందుకైనా మంచిదట! ఒకళ్ళకి ఆఖరి గుమ్మం, ఇంకొకళ్ళకి ఎందుకైనా మంచిది. అమ్మమ్మకి ఒళ్ళు మండింది గానీ ఆ పిల్ల గోళ్ళు చూసి ఊరుకుంది, పాపం కొరకడానికి ఇంకేమీ మిగల్లేదు వాటిలో. ఎక్కడైనా వచ్చే పిల్ల గోళ్ళు అలా ఉంటాయా. పెద్ద పేరున్న లా కాలేజీలన్నిటికీ ప్లీడరు కూడా దరఖాస్తు పెట్టింది, పెట్టొద్దే మన మార్కులకి అవి అందవే అని వాళ్ళమ్మ అంటే, అందవని వాళ్ళు చెప్పాలి గానీ మనమే చెప్పుకోవడం దేనికి అంది, అదీ నిజమే కదా. చెప్పారు వాళ్ళే. ఒకటి బస్సులో ఉండగా ఫోనుకి వచ్చింది, ఇంకొకటి పళ్ళు తోముకుంటుంటే వచ్చింది, నోటినిండా నురగతో వచ్చి చదివింది, మీ దరఖాస్తు చాలా బాగుంది కానీ అని. అన్నిటిలోనూ అదే మాట, చాలా బాగుంది కానీ. బాగుంటే మళ్ళీ కానీ ఎందుకు, కానీ అనేదుంటే బాగుందనడం ఎందుకు, ఊరించి చెయ్యి వెనక్కి తీసుకోవడం కాకపోతే. ఒక చోటివాళ్ళు ఆ పాటి కానీ కూడా పంపలేదు, ప్లీడరు వాళ్ళమ్మ ఫోను చేస్తే పాట వచ్చింది, పాట అయ్యాక కాసేపు ఆగండి అంది, ఆగితే మళ్ళీ అదే పాట, కూర మాడిపోయింది గానీ మనిషి పలకలేదు. ఇక మిగిలింది ఇదొక్కటే. ఇక్కడ అందర్నీ పిలిచి మాట్లాడతారట, మార్కులు కాస్త తగ్గినా మాటలో సరుకుంటే తీసుకుంటారట. మీ మార్కులు మేం మామూలుగా అడిగేదానికి తక్కువ, అయినా రండి మాట్లాడుకుందాం అని రాశారు. అయినా రండి! కానీ లేకుండా వచ్చిన మొదటి మాట. ఆ రోజు దాని ముఖం చూడాలి.

ఇదీ కాకపోతే సోమవారం నుంచి మేనమామ ఆఫీసు. అమ్మమ్మ కొడుకే ఆ మేనమామ, కడుపున పుట్టినవాడే గానీ ఎవరి పోలికో, లెక్కలు చూసే ఆఫీసు పెట్టుకుని నలుగురు మనుషుల్ని కూర్చోబెట్టుకున్నాడు, మంచివాడే, మంచివాడవడమే వచ్చిన చిక్కు. "టాపర్లకే దిక్కు లేదమ్మా, దీన్నెవడు లాయర్ని చేస్తాడు. పగలు నా దగ్గర కూర్చుంటుంది, సాయంత్రం లెక్కల కోర్సుకి వెళ్తుంది, కిటికీ పక్కన బల్ల కూడా వేయించాను." కిటికీ పక్కనట. బల్ల ముందే వేయించేశాడు, ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు. ఆ పిల్లకి కూడికలంటే జ్వరం వస్తుందిరా అంటే, అందరికీ అలాగే ఉంటుంది అలవాటవుతుంది అన్నాడు. అలవాటవుతుంది, నిజమే, ఏదైనా అలవాటవుతుంది, అదే కదా భయం. ప్లీడరు ఆ బల్ల చూసొచ్చి మామయ్య వైపు ఎంత చక్కగా చెప్పింది, జీతం వస్తుంది, ఇంటికి దగ్గర, ఎవరి ముందూ చేతులు కట్టుకు నిలబడక్కర్లేదు, మామయ్య మనసు మంచిది అని, అదంతా విని వాడు పొంగిపోయి అప్పుడే చేరిపోయిందనుకున్నాడు. దాని వైపు వినకుండానే లేచి వెళ్ళిపోయాడు. స్కూల్లో సలహాలిచ్చే మేడమ్ కూడా ఇంతే. నీ మార్కులకి లా ఏమిటమ్మా, టూరిజం చూడు, ఆఫీసు పనులు నేర్పే కోర్సులు చూడు అందట, ఇది ఊరుకోకుండా అవునండీ మీరనేది ఏమిటంటే అని మొదలుపెట్టి టూరిజం గురించి ఆవిడకి కూడా తెలియనన్ని మంచి మాటలు చెప్పిందట, ఒప్పుకుందనుకుని ఆవిడ టూరిజం అని రాసేసుకుంది. తర్వాత అది కొట్టేయించడానికి వాళ్ళ నాన్న లారీ ఆపుకుని వెళ్ళాల్సి వచ్చింది.

"ఇదంతా నీ చలవే అమ్మా," అంటుంది కూతురు. మార్కులు వచ్చిన రోజు అంది, ఆ తర్వాత కూర తరుగుతూ అంది, బట్టలు మడతపెడుతూ అంది, నిన్న కూడా అంది. చరిత్ర చెప్పే మాస్టారు పిలిచి చెప్పాడట, మీ పిల్లకి రాదని కాదండీ, రాజు చేసింది తప్పని రాయమంటే ముందు రాజు తరఫున రెండు పేజీలు రాస్తుంది, తప్పెక్కడుందో రాసే సమయానికి గంట కొట్టేస్తారు, దిద్దేవాళ్ళకి రాజు భజన తప్ప ఏమీ కనపడదు అని. దానికి అమ్మమ్మ ఏం చేస్తుంది? పరీక్షలో కూడా అలాగే రాయమని చెప్పిందా? ఇంట్లో కొట్టుకు చస్తుంటే ఆపడానికి పెట్టుకున్న పద్ధతి అది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు చివరికి అన్నీ వచ్చి ముసలిదాని మీదే పడతాయి.

పద్ధతి కూడా ఇంట్లో పుట్టింది కాదు, లాండ్రీలో పుట్టింది. ఎన్నేళ్ళు నిలబడింది ఆ కౌంటరు వెనక, ఇవాళ ఈ మోకాలు ఇలా ఉందంటే ఆ నిలబడ్డమే. వెనక గదిలోంచి ఆవిరి, ముందు వీధిలోంచి దుమ్ము, మధ్యలో తను. పొద్దున తలుపు తీసీ తియ్యకముందే ఎవరో ఒకరు కోటు విసిరికొట్టేవారు, బొత్తాం పోయిందని, రంగు దిగిందని, నిన్న నాకు పట్టిన చొక్కా ఇవాళ మా వాడికి కూడా పట్టట్లేదని. మొదట్లో కాదండీ కాదండీ అనేది, ఒక కాదుకి వాళ్ళు నాలుగు అరుపులు అరిచేవారు. ఓ రోజు గొంతు పోయి, జలుబుతో మాట రాక, ఆవిడెవరో తెల్ల జాకెట్టు మీద మరక చూపించి అరుస్తుంటే, కాదనడానికి ఓపిక లేక, అంటే మీరనేది ఈ మరక ఇక్కడికి తెచ్చినప్పుడు లేదని, మా దగ్గరే పడిందని, రేపు మీకు ఇది కావాలని, అంతేనాండీ అంది. ఆవిడ ఠక్కున ఆగిపోయింది. అదే, అదేనండీ నేననేది అంది, అని కూర్చుంది, మంచినీళ్ళు అడిగింది. ఆ తర్వాత అది సిరా మరకని, ఆవిడ సంచిలోనే కలం కారిందని చెప్తే నవ్వింది కూడా. అంతే, ఆ రోజు నుంచి అమ్మమ్మకి అదే మంత్రం. ఎవరొచ్చినా ముందు రసీదు అడిగి తీసుకుని పిడికిట్లో పెట్టుకునేది. వాళ్ళ వైపు తను చెప్పేది. అదే అని వాళ్ళు అన్నాక తన వైపు చెప్పేది. అప్పుడు గానీ రసీదు తిరిగి ఇచ్చేది కాదు, ఎందుకంటే కొందరు గడుసువాళ్ళు, తమ మాట మనచేత చెప్పించుకుని, మన మాట వినకుండానే వెళ్ళిపోతారు, రసీదు మన చేతిలో ఉంటే ఎక్కడికి పోతారు, బట్టలు రసీదు మీదే కదా ఇచ్చేది.

దాన్నే ఇంటికి తెచ్చింది. కొడుకూ కూతురూ జుట్లు పట్టుకుంటుంటే, నీ మాట తర్వాత, ముందు వాడి వైపు చెప్పు, వాడు అదే అనాలి, అప్పుడు నీ మాట అనేది. వాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళకి పెళ్ళిళ్ళయ్యాయి, వచ్చిన అల్లుడు కూడా ఆ చట్టం కిందకే వచ్చాడు. లారీ నడిపే మనిషి, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటాడు, అన్నం దగ్గర కూర్చుని, "ఈ ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైందనాలంటే ముందు ఉప్పు తరఫున వాదించాలి అత్తయ్యా, ఈలోగా అన్నం చల్లారిపోతుంది, దానికన్నా ఉప్పే తినేస్తే నయం" అంటాడు. అని తినేస్తాడు. వాడు తప్పించుకున్నాడు గానీ ప్లీడరుకి మాత్రం అది ఎముకల్లో పట్టింది. ఉగ్గు తాగే వయసు నుంచీ విన్నదాయె. ఇప్పుడది మార్కులు తినేసిందని అంటే, చెయ్యి తెగిందని కత్తిని తిడతామా, కూరలు తరిగింది కూడా ఆ కత్తే కదా, అని కూతురితో అనాలనిపిస్తుంది, కానీ అనాలంటే ముందు కూతురి వైపు చెప్పాలి, ఆ వైపు మరీ అంత బలంగా ఉంది మరి, అందుకే నోరు మూసుకుంటుంది.

లోపల ఎవరో దగ్గారు. దగ్గా, నవ్వా? వరండా చివర నేల తుడిచే మిషను గుర్రుమంటూ ఇటే వస్తోంది, సరిగ్గా చెవి రిక్కించే వేళకే వస్తుంది అది, ఆ తోసే మనిషి కాళ్ళెత్తండి అన్నట్టు చూస్తే బెంచీ మీదున్న ముగ్గురూ బళ్ళో పిల్లల్లా కాళ్ళు పైకెత్తారు. అమ్మమ్మ కుడి కాలు సగమే లేచింది. ఆ తడినేల మీద ఆ బూట్లతో ఎలా వస్తుందో, జారి పడితే అదొకటి. లోపల ఇందాక తలుపు తీసినప్పుడు కనపడ్డది ముగ్గురు, నెరిసిన గడ్డమాయన, కళ్ళజోడు మెడలో వేలాడేసుకున్న ఆవిడ, రాసుకునే కుర్రమనిషి ఒకడు. గడ్డమాయన ముఖం కాస్త మెత్తగానే ఉంది. కోటు సంగతి చెప్పవే అని బస్సులో ఎన్నిసార్లు చెప్పింది, ఇంకేమీ చెప్పకపోయినా పర్లేదు, కోటు సంగతి చెప్పు, నీకు లా ఎందుకే అని అడుగుతారు, అడగ్గానే అది చెప్పు అని. సరే సరే అంది. ఆ కోటే వేసుకుంది కూడా. నిన్న తనే ఇస్త్రీ చేసింది, కాలరు లోపలి నుంచి, తడిగుడ్డ వేసి, మోచేతుల దగ్గర మెరుపు రాకుండా, చేతులు ఎంత వణికినా ఇస్త్రీపెట్టె పట్టుకుంటే వణకవు అదేమిటో.

ఎవరిదో ఆ కోటు. లాండ్రీలో వెనకాల ఓ దండెం ఉండేది, ఇచ్చినవాళ్ళు మళ్ళీ రాని బట్టలన్నీ దానికి వేలాడేవి, ఇంత సన్న నడుము పరికిణీలు, పెళ్ళికొడుకు సూట్లు, ఓ చంటిపిల్ల స్వెట్టరు కూడా, దాన్ని చూస్తే మాత్రం అమ్మమ్మ ఎప్పుడూ ముఖం తిప్పుకునేది. ఏడాది దాటితే ఎవరికి నచ్చింది వాళ్ళు పట్టుకుపొండి అని ఓనరు అనేవాడు. బడి అయ్యాక ప్లీడరు వచ్చి ఆ దండెం కింద కూర్చునేది, వాళ్ళమ్మ పనిలోంచి వచ్చేదాకా. అప్పటికి దానికి ముందు పళ్ళు లేవు. ఈ నీలం కోటు అమ్మమ్మ చేతిలోకి తీసుకుని, ఇది నీకు పెద్దయ్యాక సరిపోతుందే అంటే, అది మనదెలా అవుతుంది అంది. వాళ్ళు రాలేదుగా అంటే, రాకపోతే మనదైపోతుందా అంది. చచ్చిపోయారేమో, ఆసుపత్రిలో ఉన్నారేమో, రసీదు పారేసుకున్నారేమో, రసీదు పోతే కోటు కూడా పోయినట్టేనా అమ్మమ్మా? ఆ దండెం కింద కూర్చుని, ఆ చిన్న నోటితో, ఏడాది అని ఎవరు పెట్టారు, ఓనరు పెడితే చాలా, ఇంకెవరైనా పెట్టాలా అని. అమ్మమ్మ దగ్గర జవాబు లేదు. ఓనరుని పిలిస్తే ఆయన దగ్గరా లేదు. ఎవరి దగ్గరుంటుంది అని అడిగింది, లాయర్ల దగ్గరుంటుంది అన్నాడాయన, పీడ వదిలించుకోడానికి. అదిగో, అక్కడ పట్టుకుంది. పిల్లలు డాక్టరు అంటారు, పైలట్టు అంటారు, పొద్దుటిది సాయంత్రానికి మరిచిపోతారు. ఇది మరవలేదు. ఆ కోటు ఇంటికి తెచ్చుకున్నాక కూడా, అసలువాళ్ళు వస్తే ఇచ్చెయ్యాలి అని, బొత్తాం తెగితే అలాంటి బొత్తామే వెతికి కుట్టించేది.

రసీదు లేకుండా వచ్చేవాళ్ళు వచ్చేవారు నిజంగానే. తడిసిపోయిన ముఖంతో, కాగితం పోయిందండీ అంటూ. ఓనరైతే కాగితం లేనిదే కుదరదు పొమ్మనేవాడు. ఆయన లేని వేళ చూసి అమ్మమ్మ గుర్తులడిగేది, లోపలి గుడ్డ ఏ రంగు, ఏ జేబు చిరిగింది, ఏ బొత్తాం వేరే దారంతో కుట్టి ఉంది. ఒక్కొక్కటీ చెప్తుంటే దండెం దగ్గరికెళ్ళి వెతికేది. తనదైనవాడికి గుర్తులు తెలుస్తాయి, కానివాడు నీలం కోటండీ నీలం కోటు అని అదే అంటాడు. వెతకడానికి ఎంతసేపు పడుతుంది కనుక? వెతకకుండా లేదు పొమ్మనడానికే వీళ్ళందరికీ తొందర.

తలుపు తెరుచుకుంది. అప్పుడేనా? ఫైలాయన లేచి నిలబడ్డాడు. ప్లీడరు బయటికి వచ్చింది, టక, టక, మెల్లగా, తడినేల మీద ఆచితూచి. ముఖంలో ఏమీ లేదు, ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది. దాని వెనకే పేర్లు పిలిచే అమ్మాయి వచ్చి ఫైలాయన కూతురి పేరు పిలిచింది. పిలిస్తే ఆ పిల్ల ఏదీ, కాళ్ళెత్తి దించాక బాత్‌రూముకి పోయినట్టుంది, ఫైలాయన ఫైలు గుండెకి హత్తుకుని అమ్మలూ అమ్మలూ అంటూ వరండా చివరికి పరుగు, తడినేల బాబూ జాగ్రత్త అని అమ్మమ్మ కేక.

"ఏమైందే?"

"అడిగారు. నీ మార్కులు తక్కువ కదా, నిన్నెందుకు తీసుకోవాలి అని."

"మరి చెప్పావా? కోటు సంగతి చెప్పావా?"

"ముందు వాళ్ళ వైపు చెప్పాను."

అమ్మమ్మ చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది.

"ఎంత చెప్పావు?"

"అంతా చెప్పాను. నన్ను తీసుకుంటే నాకన్నా ఎక్కువొచ్చిన వాళ్ళెవరికో అన్యాయం అవుతుందని. తక్కువొచ్చినవాళ్ళు మొదటి ఏడాదే వెనకబడొచ్చని. మాటకారితనం చూసి సీటిస్తే మాట రాని తెలివైన పిల్లలు ఏమైపోవాలని. అది విని ఆ కళ్ళజోడావిడ, అరే ఇది మాకు తట్టలేదే అంది. ఆ గడ్డమాయన రాసుకోమన్నాడు."

"రాసుకున్నారా!"

"రాసుకున్నారు. అదేనమ్మా మేమనేది అన్నారు. అయితే ఇప్పుడు నా వైపు అన్నాను. టైమైపోయింది థాంక్యూ అన్నారు."

ఓరి దేవుడో. వాళ్ళు కత్తి లేదని కూర్చుంటే ఇది పోయి సానబెట్టి మరీ చేతికిచ్చి మెడ చాపి వచ్చింది. ఎవరైనా చేసే పనా ఇది, ఇంకో ఇంటి పిల్లయితే చేసేదా, కళ్ళు తుడుచుకుని నాకు లా అంటే ప్రాణమండీ అనేది, అందరూ అనేది అదే, అలా అన్నవాళ్ళందరికీ వస్తున్నాయి సీట్లు. చరిత్ర పరీక్షలో రాజుని గెలిపించింది, టూరిజాన్ని గెలిపించింది, మామయ్య బల్లని గెలిపించింది, ఇప్పుడు ఈ ముగ్గుర్నీ గెలిపించి వచ్చింది, ప్రపంచంలో అందరి కేసులూ గెలిపిస్తుంది తన కేసు తప్ప. సోమవారం. కిటికీ పక్కన బల్ల. ఇంటికెళ్ళగానే కూతురు తలుపు తీసి, ఏమీ అడగకుండా తల్లి ముఖంలోకే చూస్తుంది, ఆ చూపు ఇప్పుడే కనపడుతోంది. అమ్మమ్మ కోపంగా అనబోయింది ఒకటి, ఆ జలుబు చేసిన రోజులాగే నోట్లోంచి వచ్చింది ఇంకొకటి, "వాళ్ళు అదే అన్నాక వదిలేసి వచ్చావుటే? సగం పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావే? నేనైతే రసీదు వదిలేదాన్నా?"

ప్లీడరు కిందికి చూసింది. అమ్మమ్మా చూసింది. దాని కుడి చేతిలో ఓ పెన్ను ఉంది, నల్లది, పొడుగుది, కొంచెం ఖరీదైనదే.

"ఎవరిదే అది?"

"ఆయనది. లోపలికెళ్ళగానే సంతకం పెట్టమని ఇచ్చాడు."

"పొరపాటున తెచ్చావా?"

పై పెదవి కొంచెం బిగిసింది, ముందు పళ్ళు లేనప్పుడు బిగిసినట్టే. "పరాయి సొమ్ము," అంది. "తిరిగి ఇచ్చెయ్యాలిగా."

ఇచ్చెయ్యాలిగా అనడమేమిటి, వెనక్కి తిరగడమేమిటి, పేర్లు పిలిచే అమ్మాయి ఇంకా వరండా చివరికే చూస్తోంది, ఫైలాయన బాత్‌రూము బయట నిలబడి అమ్మలూ త్వరగా అని తలుపుతో మాట్లాడుతున్నాడు, ఈలోగా ఇది టకాటకామని గాజు తలుపు తోసుకుని లోపలికి పోయింది. పోతూ పోతూ, వద్దే అంటే విన్నదా ఆ బూటు, మడమ జారి, కాలు లోపలికి పోయింది, బూటు గడప మీదే ఉండిపోయింది. తలుపు వెనక్కి వచ్చి దానికి తగులుకుని ఆగిపోయింది, నాలుగు వేళ్ళ సందు వదిలి.

అమ్మమ్మ లేచింది. మోకాలు కలుక్కుమన్నా లేచింది. బూటు తీద్దామని వంగబోయి, మళ్ళీ ఎందుకో వంగలేదు.

"మీ పెన్నండీ," అంటోంది ప్లీడరు. "మీ వైపు నేను చెప్పాను. నా వైపు ఇంకా ఉంది."

ఈ మిషను ఆగింది నయమే. ఎవరో ఊపిరి పీల్చారు, కుర్చీ కిర్రుమంది. కళ్ళజోడావిడేమో, బయట ఇంకొకరున్నారు కదా అంది. గడ్డమాయన గొంతు, అయిదు నిమిషాలు, కూర్చో, అంది. ఆ తర్వాత ప్లీడరు గొంతు. బస్సులో సరే సరే అన్న పిల్లేనా, కొంచెం వణుకుతోంది, వణికితే వణికింది గానీ ఆగడం లేదు, దండెం అంటోంది, నీలం కోటు అంటోంది, ఇదిగో ఇదే అంటోంది, చెయ్యి చాపి చూపిస్తున్నట్టుంది, ఇస్త్రీ మడత నలగలేదు కదా, ఓనరు అంటోంది, ఏడాది ఎవరు పెట్టారు అంటోంది, రసీదు అంటోంది. మా అమ్మమ్మ అని కూడా అంది. అమ్మమ్మ చప్పున కొంగు సర్దుకుంది, లోపలి నుంచి ఎవరైనా చూస్తారేమోనన్నట్టు.

"ఆగు, ఆగు," అన్నాడు గడ్డమాయన. "అంటే నువ్వనేది, మార్కులు రసీదు లాంటివని, రసీదు పోయినా కోటు నీదేనని. అంతేనా?"

చాలు. అంతే, అదే అనవే. అదేనండీ అను. ఇంత పెద్దమనిషి, అడక్కుండానే, తనంతట తను, నీ వైపు నీకు చెప్తున్నాడే, ఇంతకన్నా ఏం కావాలే, అవునను.

"కాదండీ," అంది ప్లీడరు. "నేనన్నది అది కాదు."

అమ్మమ్మ గోడకి తల ఆనించింది. ఒప్పుకోవే తల్లీ, ఒక్కసారికి ఒప్పుకోవే, నీ కాళ్ళకి దణ్ణం పెడతాను.

"కోటు నాదని నేననట్లేదు. రసీదు లేదని పంపించేస్తున్నారు, ముందు గుర్తులడగమంటున్నాను. అడిగి, దండెం దగ్గరికెళ్ళి వెతికి చూడండి. లేకపోతే లేదని చెప్పండి, నేను వెళ్ళిపోతాను."

తర్వాత కాగితాలు తిప్పిన చప్పుడు. "సరే, మళ్ళీ చెప్తాను, తప్పయితే ఆపు," అన్నాడు గడ్డమాయన. "అంటే నువ్వనేది..." ఈసారి ఆ గొంతు అంత తొందరగా లేదు, ఒక్కొక్క మాటా చూసుకుంటూ పెడుతున్నట్టుంది, మధ్యలో కళ్ళజోడావిడ ఏదో అందించింది, కుర్చీ ముందుకి జరిగింది.

ఫైలాయన కూతుర్ని వెంటబెట్టుకుని రొప్పుతూ వచ్చాడు. గడప మీద బూటు చూశాడు, తలుపు సందు చూశాడు, అమ్మమ్మని చూశాడు. "ఏమిటండీ ఇది, మా అమ్మాయిని పిలిచారుగా! మీ అమ్మాయిది అయిపోయిందిగా!"

నిజమే పాపం, ఆయన వైపు న్యాయం ఉంది. అంటే మీరనేది ఏమిటంటే బాబూ, అని మొదలుపెట్టబోయి అమ్మమ్మ ఆపుకుంది. బెంచీ మీద తన పక్కన చోటు చేత్తో తుడిచింది. ఆ పిల్లని ముందు కూర్చోబెట్టింది, నోటి దగ్గరున్న చెయ్యి తీసి తన చేతిలోకి తీసుకుంది.

"కూర్చోండి నాయనా," అంది. "లోపల వెతుకుతున్నారు."